తాత సైకిలుకు మోటారు పెట్టే ముందు

చిరంజీవి అల్లునికి మీ మామ ఆశీర్వదించి రాసేది.  

తాత సైకిలుకు మోటారు ఎట్ల పెట్టాల్నని నువ్వు ఫోన్లో అడిగిన దానికి అప్పుడే జవాబు చెప్పొచ్చు. కానీ ఇది ఒక చేత పానా పట్టుకొని, పక్కన కాగితం పెట్టుకొని చేసే పని. ఫోన్లో విన్న మాట పని కాడ గుర్తుకు రాదు. అందుకే ఉత్తరం రాస్తున్న. పని అయ్యేదాకా దాచిపెట్టుకో.

మీ తాత సైకిలు వెనక చక్రం ఫోటో చూసిన. హబ్బు నడుమ లావుగ ఉన్నది, కుడిపక్క ఇరుసు కొసకెళ్లి సన్నని గొలుసు బయటికొచ్చి కేబులుకు కలుస్తున్నది. అది స్టర్మీ ఆర్చర్ వాళ్ల ఏడబ్ల్యు హబ్బు, మూడు స్పీడ్లది. షెల్లు మీద జిడ్డు తుడిస్తే ఏడబ్ల్యు అన్న అక్షరాలు, వాటి పక్కన అంకెలు కనిపిస్తయి. ఆ అంకెలు అది తయారైన ఏడు, నెల. స్టర్మీ ఆర్చర్ ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ కంపెనీ. రాలీ సైకిళ్ల యజమాని ఫ్రాంక్ బౌడెన్ పూనుకొని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పెట్టించిండు. ఈ ఏడబ్ల్యు రకం 1930ల నడుమ వచ్చింది. 2000లో నాటింగ్‌హామ్ కార్ఖానా మూతపడి, తైవాన్ కంపెనీ సన్‌రేస్ దాన్ని కొన్నది. ఇప్పటికీ ఆ పేరు మీద హబ్బులు వస్తనే ఉన్నయి.

షాపాయన ఆ చక్రం తీసేసి మోటారున్న వెనక చక్రం వేసుకొమ్మన్నడని చెప్పినవు. ఆ పని చెయ్యకు. మోటారు వెనక హబ్బులో ఉంటే గేర్ల హబ్బుకు అక్కడ జాగ ఉండదు. రెండూ ఒకే ఇరుసు మీద పట్టవు. మంచి సామాను పోగొట్టుకుంటవు, బ్యాటరీ దిగిపోయిన రోజు మోటారు బరువంత ఒక్క గేరు మీద తొక్కుకుంట ఇంటికి రావాలె.

మొదలు ఆ హబ్బు లోపల ఏమున్నదో తెలుసుకో. నడుమ 20 పండ్ల చిన్న చక్రం ఇరుసుకే చెక్కి ఉంటది, అది కదలదు. బతుకమ్మను నడుమ పెట్టి ఆడోళ్లు చుట్టూ తిరిగినట్టు, దాని చుట్టూ నాలుగు చిన్న చక్రాలు తిరుగుతయి. ఒక్కోదానికి 20 పండ్లు. వాటన్నిటినీ చుట్టుకొని బయట 60 పండ్ల కడియం ఉంటది, పండ్లు లోపలి దిక్కు. ఆ నాలుగు చక్రాలను పట్టుకునే పంజరం ఒక్కసారి తిరిగితే కడియం ఒక్కటింబావు కంటే కొంచెం ఎక్కువ తిరుగుతది. 60కి 20 కలిపితే 80, దాన్ని 60తో భాగిస్తే 1.33. చైను బలాన్ని పంజరానికిచ్చి కడియం నుంచి తీసుకుంటే అది మూడో గేరు, వేగం మూడో వంతు పెరుగుతది. కడియానికిచ్చి పంజరం నుంచి తీసుకుంటే ఒకటో గేరు, వేగం పావు వంతు తగ్గుతది, బలం పెరుగుతది. రెండో గేరులో చైను చక్రం ఎంత తిరిగితే వెనక చక్రం అంతే.

ఇప్పుడు నీ సైకిలు లెక్క వేద్దాం. ముందు చైన్ వీలుకు 48 పండ్లు, వెనక 18 ఉంటయని అనుకుంటున్న, నువ్వు లెక్కపెట్టి చూడు. 28 అంగుళాల చక్రం ఒక్క చుట్టుకు రెండుంబావు మీటర్లకు కొంచెం తక్కువ పోతది. నిమిషానికి 60 సార్లు పెడలు తిప్పితే రెండో గేరులో గంటకు 21 కిలోమీటర్లు, ఒకటో గేరులో 16, మూడో గేరులో 28. మోటారుతో మనం పోవాల్సిన వేగం 25 లోపల. అంటే ఈ మూడు గేర్లు నీ అవసరానికి సరిగ్గ సరిపోతయి. ఎనిమిది స్పీడ్లు, పద్నాలుగు స్పీడ్ల హబ్బులు ఉన్నయి. షిమానో నెక్సస్ ఎనిమిదిది, జర్మనీ రోలాఫ్ పద్నాలుగుది. అవి కొండలెక్కేటోళ్లకు పనికొస్తయి. గోదావరి ఒడ్డున చదునుగ ఉన్న చెన్నూరు నుంచి జైపూరు పవర్ ప్లాంటుకు పోయే నీకు అంత ఖర్చు అక్కర లేదు.

అసలు నిర్ణయం ఇక్కడ ఉన్నది, జాగ్రత్తగ చదువు. మోటారు బలం గేరు హబ్బు లోపలికెళ్లి పోవాలెనా, దాని పక్కకెళ్లి పోవాలెనా? మోటారు ఏ కంపెనీది, ఎన్ని వాట్లది, బ్యాటరీ ఎంత అన్నవన్నీ దీని తర్వాతి మాటలు.

పెడళ్ల దగ్గర బిగించే నడిమి మోటారు పెడితే దాని బలం చైను మీద పడి, గేరు హబ్బు లోపలికెళ్లి చక్రానికి పోతది. దీంట్లో లాభం ఉన్నది. మోటారుకు కూడా గేర్లు దొరుకుతయి, ఒకటో గేరులో బరువు లాగేటప్పుడు అది ఉక్కిరిబిక్కిరి కాదు, వేడెక్కదు. కానీ ఆ హబ్బు మనిషి కాళ్ల కోసం చేసింది. డెబ్బై కిలోల మనిషి పెడలు మీద నిలబడి తొక్కితే పెడళ్ల ఇరుసు మీద దాదాపు 117 న్యూటన్ మీటర్ల టార్క్ వస్తది. ముందు 48, వెనక 18 పండ్లు కాబట్టి హబ్బు దగ్గరికి వచ్చేసరికి అది 44 అయితది. నడిమి మోటార్లలో 80 న్యూటన్ మీటర్ల దాకా ఇచ్చేవి ఉన్నయి. అది హబ్బుకు వచ్చేసరికి 30. రెండూ కలిస్తే 74. వెనక 18 తీసి 22 పండ్లది వేసినవనుకో, అదే 90 అయితది. అందుకే గేరు హబ్బుకు నడిమి మోటారు పెట్టేటోళ్లు వెనక పెద్ద పండ్ల చక్రం వేయొద్దు. హబ్బు కంపెనీలు తమ హబ్బుకు ముందు వెనక పండ్ల నిష్పత్తి ఇంతకంటే తగ్గొద్దని హద్దు పెట్టేది కూడా ఇందుకే.

బలం ఎక్కువ కావడం ఒక్కటే కాదు, ఇంకో సంగతి ఉన్నది, చాలామంది పట్టించుకోరు. మనిషి తొక్కుడుకు నడుమ ఖాళీ ఉంటది. పెడళ్లు ఒకటి పైకి, ఒకటి కిందికి నిట్టనిలువుగ వచ్చినప్పుడు ఒక్క క్షణం బలం ఉండదు. లోపలి కుక్కలు (పండ్లను పట్టే చిన్న కొక్కేలు), క్లచ్చు ఆ క్షణంలోనే జాగ మారి కూర్చుంటయి. మోటారు లాగుడుకు ఆ ఖాళీ లేదు. అది లాగుతున్నప్పుడు గేరు మారిస్తే పండ్లు సగం సగం పట్టుకుంటయి. అట్ల పట్టుకున్న ప్రతిసారి క్లచ్చు మూలలు అరిగి గుండ్రమైతయి. తర్వాత మూడో గేరు జారుడు మొదలైతది.

మీ తాత హబ్బుకు ఇంకో గుణం ఉన్నది. పాత ఏడబ్ల్యులో రెండో గేరుకు, మూడో గేరుకు నడుమ న్యూట్రల్ ఉంటది. కేబులు సరిగ్గ లేకపోతే నిలబడి తొక్కేటప్పుడు పెడలు ఒక్కసారిగ ఖాళీగ కిందికి పోతది. మనిషి తొక్కుతుంటే కాలు జారి దెబ్బ తగులుతది. నడిమి మోటారుంటే అది న్యూట్రల్‌లో జోరుగ తిరిగి, ఆ జోరు మీద క్లచ్చు వచ్చి పంజరం పిన్నులకు కొడ్తది. తర్వాత వచ్చిన స్టర్మీ ఆర్చర్ మూడు స్పీడ్ల హబ్బుల్లో ఆ న్యూట్రల్ తీసేసిన్రు. ఈ మధ్య షిమానో కరెంటు మోటారున్న సైకిళ్ల కోసమే అయిదు స్పీడ్ల నెక్సస్ హబ్బు తెచ్చింది. గేరు మారే సమయానికి మోటారు బలాన్ని ఒక్క క్షణం ఆపే సెన్సర్లు కూడా ఉన్నయి. ఎన్నడన్న నడిమి మోటారే పెట్టాల్సి వస్తే అటువంటి హబ్బుతోటి, అటువంటి సెన్సరుతోటి పెట్టు. మీ తాత హబ్బును ఆ పనికి పెట్టకు.

ఇది ఇయ్యాల పుట్టిన చిక్కు కాదు. వందేండ్ల కిందటే ఇదే స్టర్మీ ఆర్చర్ వాళ్లు మోటారు సైకిళ్లకు కూడా వెనక చక్రంలో గేర్ల హబ్బులు చేసిన్రు. ఇంజన్ల బలం పెరుగుకుంట పోయింది, గేర్లు చక్రంలోకెళ్లి తీసి ఇంజను దగ్గర పెట్టెలో పెట్టుకున్నరు. మొదటి ప్రపంచ యుద్ధంలో పేరుపడ్డ ట్రయంఫ్ మోడల్ హెచ్ 1915లో వచ్చింది. దాని గేర్‌బాక్సు కూడా స్టర్మీ ఆర్చర్‌దే, కానీ అది చక్రంలో లేదు. హబ్బు చేసినోళ్లే బలం ఎక్కువైనప్పుడు హబ్బును పక్కన పెట్టిన్రు. నీ సైకిలు మీద ఎంత బలం పెట్టాల్నో ఆలోచించేటప్పుడు ఈ మాట యాదికి పెట్టుకో.

ఇక నీ దోస్తు చెప్పిన పెట్రోలు సంగతి. చేనుకు మందు కొట్టే తైవాన్ పంపు ఇంజను తీసి సైకిలుకు కట్టిన్రని వీడియో చూపెట్టిండని అన్నవు. చేసే తెలివి మన పోరగాళ్లకు ఉన్నది, దాన్ని నేను తక్కువ చెయ్య. కానీ అటువంటి ఇంజను నిమిషానికి ఆరేడు వేల చుట్లు తిరిగితేనే పూర్తి బలం ఇస్తది. 25 కిలోమీటర్ల వేగానికి నీ చక్రం నిమిషానికి 190 చుట్లు కూడా తిరగదు. అంటే నడుమ ముప్పై అయిదు, నలభై వంతులు వేగం తగ్గించాలె. ఆ తగ్గింపు సరిగ్గ కుదరక చాలామంది ఎడమపక్క పుల్లలకే పండ్ల చక్రం బిగించి చైను వేస్తరు. పుల్లలు ఆ పనికి పుట్టలేదు, ఒక్కొక్కటి తెగుకుంట వస్తయి. లూనా 1972లో వచ్చింది, టీవీఎస్ 50 1980లో వచ్చింది. పెడళ్లున్న ఇంజను బండి మనకు కొత్త కాదు. కానీ వాటి ఫ్రేము, చక్రం, బ్రేకు అన్నీ ఇంజను కోసమే చేసినవి. పైగా 25 సీసీ కంటే పెద్ద పెట్రోలు ఇంజను పెట్టిన క్షణం అది చట్టం ముందు మోటారు వాహనం. రిజిస్ట్రేషన్ లేదు, ఇన్సూరెన్స్ లేదు. జాతీయ రహదారి 63 మీద బొగ్గు లారీల నడుమ ఏమన్న అయితే మీ అమ్మకు, మా చెల్లెకు ఎవరు జవాబు చెప్తరు? ఆ ఆలోచన ఇక్కడితోనే వదిలిపెట్టు.

కరెంటు మోటారుకు చట్టం దారి ఇచ్చింది. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం మోటారు బలం 250 వాట్ల లోపల, వేగం 25 కిలోమీటర్ల లోపల, బ్యాటరీ కాకుండ బండి బరువు 60 కిలోలకు మించకుండ ఉంటే అది మోటారు వాహనం కిందికి రాదు. తొక్కుతుంటే సాయం చేసే సైకిలైతే, తొక్కుడు ఆపితే మోటారు కూడా ఆగాలె. షాపులో వెయ్యి వాట్లది చూపెట్టి, కంట్రోలరులో తగ్గించుకోవచ్చని చెప్తరు. తీసుకోకు.

నా తీర్పు ఇది. 36 వోల్టుల, 250 వాట్ల లోపలి గేర్డ్ మోటారు ముందు చక్రంలో పెట్టు. వెనక మీ తాత హబ్బు అట్లనే ఉండనీ. మోటారు ముందుకెళ్లి లాగుతది, నీ కాళ్లు వెనకకెళ్లి తోస్తయి, గేరు హబ్బు మీద నీ కాళ్ల బలం ఒక్కటే పడుతది. గేరు మార్చేటప్పుడు మోటారును పట్టించుకునే పని లేదు, ఒక్క క్షణం కాళ్లు తేలిక చేస్తే చాలు. మోటారుకు ఈ వెనక హబ్బు గేర్లు దొరకవన్న లోటు నిజమే. చదును రోడ్డు మీద ఆ లోటు నీకు పెద్దగ తెలువదు. నిలబడి ఉన్నప్పుడు కూడా ఈ హబ్బు గేరు మార్చుకోవచ్చు. భీమారం కాడ బస్సు ముందు ఆగినా ఒకటో గేరు వేసుకొని కదులు. చైను ఒక పండ్ల చక్రం మీదికెళ్లి ఇంకోదాని మీదికి జరిగే గేర్ల సైకిలుతో అది కుదరదు. జైపూరు దారిలో లేచే బూడిద, వానకాలం నల్లరేగడి బురద, ఇవి హబ్బు లోపలికి పోవు. చైను అటూ ఇటూ జరగదు కాబట్టి నిండు చైన్ కవరు ఉంచుకోవచ్చు. మన దిక్కు గేర్ల హబ్బు గొప్పతనమంతా నాకు దీంట్లోనే కనిపిస్తది.

ఇప్పుడు పని వివరాలు. మీ తాత సైకిలుకు ముందు రిమ్ముకు 32 బెజ్జాలు, వెనక రిమ్ముకు 40 ఉంటయి, పాత ఇంగ్లండు లెక్క అది. మోటారు హబ్బులు ఎక్కువగ 36 బెజ్జాలవి వస్తయి. ముందు రిమ్ము కొత్తది కొనాల్సిందే. ఇనుపది కొనకు, 36 బెజ్జాల అల్యూమినియం 700సి రిమ్ము కొను. అది పాతదాని కంటే కొంచెం చిన్నది, ఫోర్కులో హాయిగ తిరుగుతది. దానికి పొడుగు చేతుల కాలిపర్ బ్రేకు పెట్టించు. పాత రాడ్ బ్రేకులు ఇనుప రిమ్ము లోపలి అంచును ఒత్తుతయి, వానలో తడిసినంక పట్టు చాలా తగ్గిపోతది. మెల్లగ పోయే తాతకు అవి సరిపోయినయి, 25 వేగంతో బ్యాటరీ బరువు మోసే నీకు సరిపోవు. వెనక రాడ్ బ్రేకుకు రబ్బర్లు కొత్తవి వేయించు.

ఫోర్కు తీసి ఎండలో పెట్టి చూడు. కాడలు కలిసే కిరీటం కింద, ఇరుసు కూర్చునే కొసల దగ్గర తుప్పు తిన్నదా, వెంట్రుక వాసి పగులున్నదా? ఉంటే ఆ ఫోర్కుకు మోటారు పెట్టొద్దు. మోటారు చక్రాన్ని ముందుకు తిప్పేటప్పుడు ఇరుసును అంతే బలంతో వెనకకు తిప్పుతది. నట్టు ఒక్కటే దాన్ని ఆపలేదు. రెండు పక్కలా టార్క్ ఆర్ములు ఉండాలె, ఇనుప పట్టీలవి, ఇరుసు చదును భాగాన్ని పట్టుకొని ఫోర్కు కాడకు బిగిసేటివి. అవి లేకుండ ఒక్కరోజు కూడా నడపకు. ఇరుసు ఊడితే ముందు చక్రం ఊడినట్టే.

వెనక హబ్బుకు కూడా ఇదే న్యాయం. నడుమ చక్రం ఇరుసుకే ఉన్నది కదా, ఒకటో గేరులో ఇరుసు ఒక దిక్కు తిరగజూస్తది, మూడో గేరులో ఇంకో దిక్కు. ఇట్ల అటూ ఇటూ గుంజుడుకు నట్లు వదులైతయి. అందుకే చదునుగ కోసిన ఇరుసుకు పండ్లున్న వాషర్లు వేస్తరు. అవి ఉన్నయా లేవా చూడు. ఎవరన్న విప్పినప్పుడు పోగొట్టి మామూలు వాషర్లు వేసి ఉంటే, సరైనవి దొరికేదాకా ఆగు.

నూనె సంగతి: హబ్బు షెల్లుకు చిన్న మూత ఉంటది. అందులకెళ్లి పలచని 20 నంబరు మిషన్ నూనె ఒక టీ చెంచాడు పోయి. ఏండ్ల సంది ఎండిపోయి ఉంటది కాబట్టి మొదటిసారి పోసి, తిప్పి, ఒక రాత్రి ఉంచి, మళ్లీ కొంచెం పోయి. గ్రీజు లోపల నింపొద్దు. లోపలి కుక్కల స్ప్రింగులు వెంట్రుకలంత సన్నగ ఉంటయి, గ్రీజుకు అతుక్కుపోతే గేరు పట్టదు. గ్రీజు కొసల బేరింగులకే.

కేబులు కుదిర్చేటప్పుడు రెండో గేరులో పెట్టు. కుడిపక్క నట్టుకున్న కిటికీకెళ్లి చూస్తే గొలుసు కలిసిన కడ్డీ కొస, ఇరుసు కొస సమంగ ఉండాలె. లోపలికి ఉంటే కేబులు వదులు, బయటికొస్తే బిగువు. ఆ గొలుసును లోపలికి పూర్తిగ బిగించకు, కొసదాకా తిప్పి అర చుట్టు వెనకకు వదులు. ఇది సరిగ్గ కుదిరితే నేను చెప్పిన ఆ న్యూట్రల్ ఇబ్బంది నీకు రాదు. కొన్నాళ్లకొకసారి చూసుకుంట ఉండు, కేబులు కాలంతోటి సాగుతది.

బ్యాటరీకి లెక్క: 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లదైతే 360 వాట్ అవర్లు. తొక్కుకుంట పోతే కిలోమీటరుకు 10 వాట్ అవర్లు అనుకో, ముప్పై ఆరు కిలోమీటర్లు దాటదు. నీకు రానుపోను నలభై దగ్గర ఉంటది. డ్యూటీ కాడ ఛార్జింగుకు వీలుంటే ఇది చాలు, లేకపోతే 13 కంటే పైది తీసుకో. మన దిక్కు మే నెల ఎండలు నీకు తెలుసు. బ్యాటరీని ఎండలో నిలబెట్టకు, ఇంటికి రాంగనే వేడి మీద ఛార్జింగు పెట్టకు. చల్లబడ్డంక పెట్టు, రాత్రంతా పెట్టి పండుకోకు.

చక్రాలు అల్లించేది కూడా చెప్పాలె. మోటారు హబ్బు లావుగ ఉంటది, పాత పుల్లలు పొడుగైతయి. కొలిపించి కొత్తవి కోయించు. అల్లినంక రెండు మూడు రోజులు తిరిగి మళ్లీ బిగువు చూపెట్టించు. మీ ఊళ్లో అల్లే పాత మేస్త్రి ఎవరన్న ఉంటే ఆయనకే ఇయ్యి, మూడు స్పీడ్ల హబ్బు అల్లిన చెయ్యి కావాలె.

నువ్వు ఆ సైకిలు అమ్మకుండ, తుక్కుకు వేయకుండ మళ్లీ రోడ్డు మీదికి తేవాలనుకున్నందుకు నాకు చాలా సంతోషం అయింది. మీ తాత ఆ సైకిలు మీద గోదావరి ఒడ్డుకు, అగస్త్యేశ్వరుని గుడికి పోయేటోడు. హబ్బును ఇంత కాలం మంచిగ చూసుకున్నడు కాబట్టే ఇయ్యాల నీ చేతికి పనికొస్తున్నది.

మోటారుకు ఇప్పుడే పైసలు కట్టకు. ముందు ఫోర్కు విప్పి చూసి, దాని ఫోటోలు, వెనక ఇరుసు వాషర్ల ఫోటోలు నాకు పంపు. నేను చూసి సరే అన్నంకనే కొను. 

ఇట్లు
మీ మామ